గంప కింది చరిత్ర

ప్రతి సంవత్సరం ఈ పుస్తకంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత అని పట్టికలు వేసుకుంటాం. ఈసారి కూడా అవి వెనుక పేజీల్లో ఉన్నాయి. అయితే రుణ ప్రణాళిక రాసేటప్పుడు ఇంటింటికీ ఒక కాగితం నింపుతాం కదా, అందులో ఆస్తుల గడి ఒకటి ఉంటుంది. భూమి, ఇల్లు, ఎనుములు, గొర్రెలు, కుట్టు మిషను అని వరుసగా అడిగి, చివర్లో "ఇంకేమైనా ఉందా అక్కా?" అంటాం. "ఇంకేముంది, ఏమీ లేదు" అంటుంది అక్క. ఆమె ఆ మాట అనేటప్పుడే కాళ్ళ పక్కన ఒక పెట్ట తొమ్మిది పిల్లల్నేసుకుని వాకిలంతా గీకుతూ ఉంటుంది. అదీ రాద్దామా అంటే నవ్వు. "కోడి లెక్క ఎవరు రాస్తారమ్మా!"

బిడ్డకు జ్వరమొచ్చిన రాత్రి ఆ పెట్ట అన్నను అమ్మే మందులు తెచ్చింది ఆమె. సంఘం మొదలైన కొత్తలో వారం వారం కట్టిన పొదుపు మాలో చాలామందికి గుడ్ల డబ్బే. మొగుణ్ణి అడగకుండా చేతిలో ఆడిన డబ్బు అదొక్కటే. అందుకని ఈ సంవత్సరం కార్యవర్గంలో అనుకుని, మన ఇళ్ళల్లో కోడిపిల్లల పెంపకం ఎలా మొదలై ఎట్లా మారిందో రాయాలని తీర్మానించాం. కొంత గ్రామ సంఘాల సమావేశాల్లో పెద్దవాళ్ళ దగ్గర అడిగాం, కొంత శిక్షణల్లో విన్నాం, కొంత పుస్తకాల్లో చదివాం. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. కొన్నేళ్ళ కిందట మనం అప్పు తీసి తెచ్చుకున్న పిల్లలు చచ్చిపోయిన సంగతి అందరికీ గుర్తే. దాని దగ్గరికి తర్వాత వస్తాం.

కోడి పుట్టిల్లు అడవి. మన దేశంలోనూ, తూర్పున బర్మా, థాయ్‌లాండ్‌ల దాకానూ ఎర్ర అడవికోడి ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మన పెరటి కోళ్ళు ముఖ్యంగా దాని సంతానమే. థాయ్‌లాండ్‌లో బాన్ నాన్ వాట్ అనే చోట తవ్వకాల్లో దొరికిన కోడి ఎముకలు సుమారు 3,500 ఏళ్ళ నాటివని, ఇంటికోడికి దొరికిన ఆనవాళ్ళలో అవే పాతవని 2022లో పరిశోధకులు చెప్పారు. వరి, చిరుధాన్యాలు పండించే చోటికి గింజల ఆశకు అడవికోడి తనంతట తానే దగ్గరయిందని వాళ్ళ ఆలోచన. ఇది వినగానే మా సమావేశంలో ఒక పెద్దమ్మ, "మరి కళ్ళంలో నూకలు చల్లింది ఎవరంట?" అని అడిగింది. పరిశోధకులు ఆ సంగతి రాయలేదు.

మన తెలుగు పుస్తకాల్లో కోడి లేకపోలేదు. పల్నాటి యుద్ధం కథలో బ్రహ్మనాయుడి పుంజు, నాయకురాలు నాగమ్మ పుంజు పోట్లాడటం చిన్నపిల్లలకు కూడా తెలుసు. క్రీడాభిరామంలో ఓరుగల్లు కోడిపందెం ఉంది. పందెం పుంజుల మంచి చెడ్డలు చెప్పే కుక్కుట శాస్త్రం ఉంది. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని పుంజులకు రంగు రంగుకూ పేరు పెట్టారు, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో కూడా రాసుకున్నారు. అసీల్ పుంజు ఒకటి ఈరోజుకీ వేలల్లో ధర పలుకుతుంది. ఆ పుంజును ఇరవై ఒక్క రోజులు తిండి తగ్గించుకుని పొదిగిన పెట్టకు మాత్రం ఏ శాస్త్రమూ లేదు. పెట్ట పని ఇంట్లో పని, ఇంట్లో పని ఆడవాళ్ళది, అందుకే పుస్తకానికి ఎక్కలేదని మా అనుమానం. నాగమ్మ లాంటి మహామంత్రి కథలోకి కూడా పుంజే వచ్చింది చూడండి!

రాయలేదు కాబట్టి, మా వైపు జేజిలు చెప్పిన పద్ధతి కొంచెం వివరంగానే ఇక్కడ రాస్తున్నాం. చెప్పినవాళ్ళలో కొందరికి ఎనభై దాటాయి.

పెట్ట పొదుగుకొచ్చిందని ముందు దాని గొంతే చెబుతుంది. గూట్లోంచి లేవదు, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడిచి కసురుతుంది. రొమ్ము కింద చెయ్యి పెట్టి చూస్తే ఈకలు రాలి చర్మం వెచ్చగా తగులుతుంది. ఆ ఒట్టి చర్మమే గుడ్డుకు వేడి అందించేది. అయినా వెంటనే మంచి గుడ్లు పెట్టరు. ఒకటో రెండో పనికిరాని గుడ్లు పెట్టి రెండు రోజులు చూస్తారు. కొన్ని పెట్టలు ఆరంభ శూరులు, రెండో రోజే లేచి వెళ్ళిపోతాయి. నిలిచి కూర్చున్న పెట్టకే పొద్దుగూకినాక, చీకట్లో, అసలు గుడ్లు మారుస్తారు.

గుడ్లు ఏరడం ఇంకో పని. వారం పది రోజుల లోపువే పెట్టాలి. మరీ పెద్దది, మరీ చిన్నది, పెంకు పలచనిది, వంకర తిరిగినది కూరకు పోతుంది. మురికి అంటితే పొడి గుడ్డతో తుడుస్తారు గానీ నీళ్ళతో కడగరు. "కడిగితే గుడ్డు చస్తుంది" అని జేజి అనేది. పెంకు మీద కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుందని, అది పోతే సన్నని రంధ్రాల్లోంచి క్రిములు లోపలికి పోతాయని మనకు శిక్షణలో చెప్పారు. జేజికి క్రిముల సంగతి తెలియకపోయినా చేసిన పని సరైనదే. ఎండ ముదిరాక గుడ్లను నీళ్ళకుండ పక్కన తడి ఇసుక మీద గంపలో దాచేవాళ్ళు. గది వేడికి గుడ్డులో పిండం అరకొరగా కదిలి ఆగిపోతుంది, అలాంటి గుడ్డు పెట్ట కిందికి పోయినా పిల్ల కాదు. అందుకే చైత్ర వైశాఖాల్లో మా వైపు పొదిగించేవాళ్ళు కాదు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి అదను.

గంపలో అడుగున బూడిద, పైన వరిగడ్డి, గడ్డి నడుమ వేపాకు. బూడిదా వేపాకూ కోడిపేల కోసం. పేలు పడితే పెట్ట నిలవలేక గుడ్లు వదిలి లేచిపోతుంది. గుడ్లు తొమ్మిదో, పదకొండో, పెద్ద పెట్టయితే పదమూడో. ఎందుకు బేసి సంఖ్య అంటే ఎవరూ చెప్పలేకపోయారు, "మా అత్త అట్లే పెట్టేది" అన్నారు. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గంపలో ఇనుప ముక్క, బొగ్గు, ఎండు మిరపకాయ వేసేవాళ్ళు. దాని వల్ల నష్టం లేదు, లాభం ఉందని కూడా మేము చెప్పలేం. ఉరుములతో వచ్చే వాన చల్లదనమూ తేమా గుడ్లను చెడగొడితే ఆ నింద ఉరుము మీద పడి ఉండొచ్చు.

పొదిగే పెట్ట రోజుకు ఒకసారి లేస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు. ఆ సమయానికి నీళ్ళు, గింజలు, మన్నులో పొర్లడానికి బూడిద గుంత సిద్ధంగా ఉండాలి. లేవని పెట్టను ఎత్తి దించాలి, లేకుంటే పస్తుండి చిక్కిపోతుంది. అది రోజంతా ముక్కుతో గుడ్లను తిప్పుతూ, అంచున ఉన్నవాటిని నడుమకు జరుపుతూ ఉంటుంది. అట్లా తిప్పకపోతే పిండం పెంకుకు అతుక్కుపోతుంది. ఏడో రోజు రాత్రి దీపం ముందు గుడ్డు పట్టి చూస్తే ఎర్రని నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. కనిపించనిది తీసేయాలి. వెనక దీపం వత్తి, ఇప్పుడు సెల్‌ఫోను లైటు. చివరి మూడు రోజులు ముట్టుకోకూడదు. గాలి మరీ పొడిగా ఉంటే గంప చుట్టూ నేల మీద నీళ్ళు చల్లాలి.

ఇరవై ఒకటో రోజు పిల్ల ముక్కుతో పెంకు పొడుస్తుంది. పూటంతా పట్టొచ్చు. ఆగలేక మనం పెంకు ఒలిస్తే నెత్తురు కారి పిల్ల చచ్చిపోతుంది, ఇందులో మాలో చాలామంది చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్ళమే. పుట్టిన పిల్లకు మొదటి రోజు తిండి పెట్టకపోయినా బతుకుతుంది. గుడ్డులో మిగిలిన పచ్చసొన దాని కడుపులోకి పోయి ఉంటుంది, రెండు మూడు రోజులకు అదే ఆహారం. ముందు పుట్టిన పిల్ల వెనక పుట్టేవాళ్ళ కోసం ఆగడానికి ప్రకృతి పెట్టిన సద్దిమూట అది. ఈ సద్దిమూటను గుర్తు పెట్టుకోండి, కథ ముందుకు పోయాక ఇదే పెద్ద వ్యాపారానికి దారి వేసింది.

పిల్లలకు నూకలు, జొన్న రవ్వ, కొర్రలు. వీటికి తోడు చెదలు. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి, గోనె ముక్క కుక్కి పుట్ట దగ్గర సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు. పిల్లలకు అంతకు మించిన మాంసాహారం లేదు, ఖర్చూ లేదు. పగలు గద్ద, కాకి, రాత్రి పిల్లి, ముంగిస. వీటినుంచి కాపాడటానికి గంప బోర్లించి పైన రోలు బండ పెట్టేవాళ్ళు.

ఇంత చేసినా "పది పిల్లల్లో నాలుగు దక్కితే మేలు" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. పొదిగించడంలో మన జేజిలకు కొరత లేదు. పది గుడ్లకు తొమ్మిది పిల్లలు లేపిన పెట్టలు ఊరూరా ఉండేవి. నష్టమంతా పిల్ల లేచాక మొదటి రెండు నెలల్లోనే. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

పాలికి ఇవ్వడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పెట్ట లేని ఇంటికి ఉన్న ఇంటామె పెట్టను ఇచ్చేది. సాకినామె పొదిగించి పెంచి, దక్కిన పిల్లల్లో సగం తాను ఉంచుకుని సగం ఇచ్చేది, పెట్టను తిరిగి అప్పజెప్పేది. తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆదివాసీ ఆడవాళ్ళు దీన్నే వాటా అంటారు. కాగితం లేదు, వడ్డీ లేదు, పిల్లలు చస్తే నష్టం ఇద్దరిదీ. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు, మొగుడు పోయిన ఆడది, చేతిలో పైసా లేకుండా ఇట్లాగే కోళ్ళు కూడబెట్టుకుంది. డ్వాక్రా 1982లో వచ్చింది, నెల్లూరు సారా ఉద్యమం తర్వాత 1990లలో పొదుపు సంఘాలు వచ్చాయి. అప్పు ఇచ్చి పుచ్చుకోవడం అంతకు ఎన్నో తరాల ముందే మనకు గంప కింద ఉంది.

ఇక పెట్ట లేకుండా గుడ్లు పొదిగించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఈజిప్టు దేశంలో రెండు వేల ఏళ్ళకు ముందే పొదిగించే పొయ్యిళ్ళు ఉండేవి. మట్టి ఇటుకలతో గదులు కట్టి, కింద గదిలో గుడ్లు పరిచి, పైన పేడ పిడకలు, గడ్డి నెమ్మదిగా కాల్చేవాళ్ళు. ఒక్కో పొయ్యింట్లో వేల గుడ్లు. ఉష్ణమాని లేని కాలం అది. గుడ్డును తీసి కంటి రెప్పకు ఆనించి, వేడి సరిపోయిందో లేదో చెప్పేవాళ్ళు. ఆ పని కొన్ని కుటుంబాల చేతుల్లోనే తరతరాలుగా ఉండేది, బయటివాళ్ళకు చెప్పేవాళ్ళు కాదు. ఫ్రాన్సులో రేయోమూర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రహస్యం కనిపెట్టాలని పేడ కుప్పల వేడిలో గుడ్లు పెట్టి ప్రయోగాలు చేసి 1749లో పుస్తకం అచ్చు వేశాడు. ఈజిప్టువాళ్ళ ఫయూమి జాతి పెట్టలు పొదగ కూర్చోవడం బాగా తక్కువ. అన్ని తరాలు పొయ్యిలే పొదిగితే పెట్టకు ఆ పని అవసరం ఎక్కడ?

పంతొమ్మిదో శతాబ్దం చివరికి వేడిని తనంతట తానే సరిచేసుకునే పొదుగు పెట్టెలు వచ్చాయి. అప్పుడు మన సద్దిమూట పనికొచ్చింది. కడుపులో పచ్చసొన ఉన్న ఒక్క రోజు పిల్లను తిండీ నీళ్ళూ లేకుండా పెట్టెలో పెట్టి రైల్లో, టపాలో ఎంత దూరమైనా పంపొచ్చని వ్యాపారులు గ్రహించారు. 1923లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో సెసిల్ స్టీల్ అనే ఇల్లాలు గుడ్ల కోసం 50 పిల్లలు కావాలని రాస్తే పొరపాటున 500 వచ్చాయి. ఆమె వాపసు పంపలేదు. చిన్న షెడ్డు వేయించి పెంచింది, దక్కిన 387 పిల్లలను మాంసానికి మంచి ధరకు అమ్మింది. మూడేళ్ళకు పదివేల కోళ్ళకు షెడ్డు కట్టింది. ఈరోజు మనం సంతలో తూకం వేయించుకునే బ్రాయిలర్ వ్యాపారానికి మొదలు ఆమె పెరడేనని అమెరికావాళ్ళే రాసుకున్నారు. 500లో 113 ఆమెకూ దక్కలేదు, అది కూడా గమనించాలి.

గుడ్ల వ్యాపారానికి ఎక్కువ నచ్చింది తెల్ల లెగ్‌హార్న్. ఇటలీలోని లివోర్నో రేవు పేరే అట్లా మారింది. పొదగ కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు. అందుకని కూర్చునే గుణం ఉన్నవాటిని తీసేస్తూ, కూర్చోనివాటి సంతానాన్నే పెంచుతూ వచ్చారు. మన నాటుపెట్ట సంవత్సరానికి 40 నుంచి 60 గుడ్లు పెడితే, ఇప్పటి ఫారం కోడి 300 దాటి పెడుతుంది. దానికి తల్లితనం మాత్రం లేదు. 1960ల నుంచి మన దేశంలో హేచరీలు పెరిగాయి, హైదరాబాదు చుట్టుపక్కల, గోదావరి జిల్లాల్లో తణుకు, అనపర్తి వైపు పెద్ద పెద్ద ఫారాలు వచ్చాయి. 1982లో గుడ్ల రైతులు నెక్ పెట్టుకుని ధర తామే చెప్పుకోవడం మొదలుపెట్టారు. గుడ్డు చవకయింది, బడి పిల్లల పళ్ళెంలోకి వచ్చింది, అది మంచే. కానీ షెడ్డు, దాణా, కరెంటు, బ్యాంకు అప్పు అన్నీ మగవాళ్ళ పేరు మీదికి పోయాయి. ఆడవాళ్ళకు ఫారంలో గుడ్లు ఏరే కూలి మిగిలింది. పెరటి కోడి మాత్రం ఎవరికీ పట్టక మన దగ్గరే ఉండిపోయింది.

పిల్లలు ఎందుకు దక్కడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు కొక్కెర తెగులు. మెడ వంకర తిరిగి, పచ్చగా పారుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తూ రెండు మూడు రోజుల్లో ఊరు ఊరంతా గంపలు ఖాళీ అయ్యేవి. ఊరికి ఏదో సోకిందని, అమ్మవారు అలిగిందని అనుకునేవాళ్ళు. 1926లో జావా ద్వీపంలో, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో ఈ తెగులును మొదటిసారి గుర్తించారు. మన దేశంలో 1928లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించారు, అందుకే మందుల షాపులో దాన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. రాణిఖేత్‌కు దగ్గర్లోనే ఉన్న ముక్తేశ్వర్ పరిశోధన సంస్థలో 1940లలో దీనికి టీకా తయారయింది. పెద్ద కోళ్ళకు ఇప్పటికీ వేస్తున్న ఆర్.టు.బి. టీకా ఆ ముక్తేశ్వర్ రకమే.

అంటే మనలో పెద్దవాళ్ళు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే టీకా ఉంది. మరి మన ఇంటికి ఎందుకు రాలేదు? మందు చలువలో ఉండాలి, ఊళ్ళో ఫ్రిజ్ లేదు. ఒక సీసా వంద కోళ్ళకో రెండొందల కోళ్ళకో సరిపోతుంది, ఒక్కో ఇంట్లో ఉన్నవి ఐదారు. కలిపిన మందు రెండు గంటల్లో వేసెయ్యాలి. ఐదు కోళ్ళ కోసం సీసా కొనేదెవరు, దాని కోసం పట్నం నుంచి వచ్చేదెవరు? వెయ్యి కోళ్ళ షెడ్డుకు ఈ చిక్కు లేదు. తెగులు ఇద్దరికీ ఒకటే అయినా, టీకా పెద్ద షెడ్డు కొలతకు కుట్టిన రవిక లాంటిదయింది. సంఘాలు వచ్చాక, పశుమిత్రలుగా మనవాళ్ళే శిక్షణ తీసుకున్నాక గానీ ఇది కుదరలేదు. ముందు రోజు రాత్రే కోళ్ళను గంపల కింద మూసి ఉంచి, తెల్లవారుజామున ఐస్ డబ్బాతో వీధి వీధి తిరిగి ఒక్క సీసాతో ఊరంతా ముగించడం అనే పని ఒంటరిగా ఎవరి వల్లా అయ్యేది కాదు. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లో ఒక చుక్క లసోటా, నాలుగు వారాలకు మళ్ళీ చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద ఆర్.టు.బి. సూది, తర్వాత ఆరు నెలలకొకసారి. సూదికి వారం ముందు పాముల మందు తాపాలి. జబ్బు వచ్చిన కోడికి టీకా వేస్తే లాభం లేదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా తెగులు పడ్డాకే మన పశుమిత్రకు ఫోన్లు వస్తున్నాయి.

రెండో సగం జవాబు చలి. ఇక్కడే మన సొంత కథ వస్తుంది.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో కోళ్ళ పరిశోధనకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఏర్పడింది. పెరట్లో తిరిగి బతికే, నాటుకోడిలా రంగు రంగులుగా ఉండే, ఎక్కువ గుడ్లు పెట్టే కోళ్ళను అక్కడ తయారుచేశారు. వనరాజా, గ్రామప్రియ పేర్లు మీకు తెలిసినవే. పెరట్లో వనరాజా నూరు, నూట పది గుడ్లు, గ్రామప్రియ 160 నుంచి 180 పెడతాయని సంస్థవాళ్ళ లెక్క. రంగు వల్ల గద్దకు, కుక్కకు తెల్లకోడిలా దూరం నుంచి కనపడవు. ఇవి వినే మనం ఆశపడ్డాం. అప్పు తీసి, సరఫరా చేసే ఒకరి దగ్గర ఇంటికి ఇరవై చొప్పున ఒక్క రోజు పిల్లలు తెప్పించాం. పుష్య మాసం. పెట్టెలు దిగేసరికి చీకటి పడింది. ఎట్లా సాకాలో చెప్పేవాళ్ళు ఎవరూ రాలేదు, ఒక కాగితం ఇచ్చి పోయారు. బల్బు వేలాడదీశాం, నడిరాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే పిల్లలన్నీ ఒక మూలకు కుప్పబడి ఉన్నాయి, కిందివి నలిగి, ఊపిరాడక పోయాయి. వారం తిరిగేసరికి చాలా ఇళ్ళల్లో సగం కూడా మిగల్లేదు. "మీకు పెంచడం చేతకాదు" అని తెచ్చినతను అన్నాడు. తరతరాలుగా పిల్లల్ని లేపినవాళ్ళను పట్టుకుని! కంతులు మాత్రం కట్టాల్సి వచ్చింది, కట్టాం. కొందరు మెడలోది తాకట్టు పెట్టి కట్టారు. ఆ సంవత్సరం నివేదికలో ఈ సంగతి "ఆశించిన ఫలితం రాలేదు" అని ఒక్క వాక్యంలో రాశాం. అది మా తప్పు.

ఆ రోజుల్లో ఒక్క ఇంట్లో మాత్రం పిల్లలు దాదాపు అన్నీ బతికాయి. ఆ ఇంటి ముసలామెకు అప్పుడే ఒక నాటుపెట్ట పొదుగు దిగే రోజుల్లో ఉంది, దాని పిల్లలు ముందు రోజే లేచాయి. ఆమె చీకట్లో, పెట్ట కళ్ళు మూసుకున్నాక, కొత్త పిల్లల్ని ఒక్కొక్కటిగా రెక్కల కిందికి తోసింది. తెల్లారి పెట్ట అన్నిటినీ తనవే అనుకుంది. మిగిలినవాటిని కుంపటి పెట్టిన గదిలో, గంపలో వేరుశనగ పొట్టు పరిచి, రాత్రంతా లేచి చూసుకుంటూ సాకింది. "కోడికి లెక్కలు రావు కదమ్మా, ఎవరి పిల్లయితేనేం" అని నవ్వింది అడిగినప్పుడు. బాతు గుడ్లు, గిన్నెకోడి గుడ్లు నాటుపెట్ట కిందే పొదిగించడం మన పెద్దవాళ్ళకు ఎప్పటినుంచో అలవాటు. మనకే గుర్తు రాలేదు.

తర్వాత శిక్షణలో తెలిసింది, ఆ పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలని, వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలని, ఈకలు వచ్చేదాకా తమ వేడి తామే నిలుపుకోలేవని. ఉష్ణమాని లేకపోయినా పిల్లలే చెబుతాయి. కుప్పబడి కీచుకీచుమంటే చలి. దూరంగా జరిగి నోళ్ళు తెరిస్తే వేడి ఎక్కువ. అంతటా పరుచుకుని తింటూ, నిద్రపోతూ ఉంటే సరిపోయినట్టు. కాగితం పరిస్తే కాళ్ళు జారి చీలతాయి, పొట్టు మీద గోనె పరవాలి. పొట్టు తడిస్తే రక్తపారుడు వస్తుంది, తడి పొట్టు ఏ రోజుకారోజు తీసెయ్యాలి. గాలి పోయే దారి లేకుండా కుంపటి పెట్టకూడదు, పొగ పిల్లల్నీ తీస్తుంది, పక్కన పడుకున్న మనుషుల్నీ తీస్తుంది. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేస్తే పిల్లలు మునగవు. ఇవన్నీ పెట్ట తన రెక్కల కింద, తన నడకతో చేసే పనులే. పెట్టను తీసేసి ఆ పనులన్నీ మన నెత్తిన వేసుకున్నాం, వాటికి కూలి మాత్రం ఏ ప్రాజెక్టు కాగితంలోనూ లెక్కగట్టలేదు.

ఇంకో సంగతి కొందరికి ఇప్పటికీ తెలియదు. వనరాజా, గ్రామప్రియ కోళ్ళు పొదగ కూర్చోవు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి లేపినా, ఆ పిల్లలు తల్లి అంత గుడ్లు పెట్టవు, ఎందుకంటే అవి వేరువేరు వరుసలను కలిపి తీసిన కోళ్ళు, రెండో తరంలో ఆ గుణం చెదిరిపోతుంది. అంటే ప్రతి విడతకూ పిల్లల్ని కొనాల్సిందే. గుడ్ల కోసం పెంచుకునేవాళ్ళకు అది సరే, కొనుక్కునే స్తోమత ఉంటే. కానీ వాటి మీది ఆశతో ఊళ్ళో నాటుపెట్టలన్నీ అమ్మేసుకుంటే ఆ తర్వాత పొదిగేదెవరు? కొన్ని ఊళ్ళల్లో అడిగితే పొదుగుకు కూర్చునే మంచి పెట్ట దొరకడం కష్టమైందని చెప్పారు.

ఈ సంవత్సరం మళ్ళీ ప్రతిపాదన వచ్చినప్పుడు సమావేశంలో వాదన గట్టిగానే జరిగింది. పాత దెబ్బ తిన్నవాళ్ళు అసలొద్దన్నారు. చిన్నవాళ్ళు గుడ్ల లెక్క చెప్పి కావాలన్నారు. చివరికి ఒప్పుకున్నది ఇది. కొనేవాళ్ళు ఒక్క రోజు పిల్లల్ని కొనరు. వెచ్చగా సాకడం నేర్చిన ఒకరిద్దరు సభ్యులు నాలుగు వారాల దాకా ఒకచోట పెంచి, టీకాల తర్వాత ఇంటింటికీ ఇస్తారు. ఆ సాకే ఆమె కూలి, కరెంటు, దాణా, చచ్చే పిల్లల నష్టం అన్నీ ధరలోనే వేస్తాం. నాటుపెట్ట ఉన్న ఇల్లు కనీసం ఒక మంచి పొదుగు పెట్టను అమ్మకుండా ఉంచుకుంటుంది. కొత్తగా చేరిన సభ్యులకు పెట్టలు పాలికి ఇస్తారు, పాత పద్ధతిలోనే, కాగితం లేకుండా. కాగితం ఉండాలని ఇద్దరు పట్టుబట్టారు, పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన సంతలోనూ కోడి అడిగేవాళ్ళు లేకపోయారు. అటువంటప్పుడు బయటి పిల్లల్ని తేవద్దని, ఒక్కసారిగా కోళ్ళు చస్తే కోసుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పాలని కూడా రాసుకున్నాం.

రుణ ప్రణాళిక కాగితంలో ఎనుముల గడి కింద ఒక గడి పెంచాం. పొదుగు పెట్టలు ఎన్ని అని. మొదటి ఇంట్లో అడిగితే ఆ అక్క కాసేపు ఆలోచించి, "రెండు. ఒకటి మా చెల్లెలి దగ్గర పాలికుంది. అదీ నాదే, రాసుకో" అంది.